తూకానికి కాదు

పిడుగు ఏటికి అవతల పడింది,
కాలింది మాత్రం ఇవతల మా వీధి.
ఫ్రిజ్జు రెండు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది.
మిక్సీకి ఆ మర్యాద కూడా లేదు,
కాలిన రబ్బరు కంపొకటి వదిలేసి పోయింది.
గ్రైండరు, నానిన పప్పు మీద రాయి మోపి
అడుగు వెయ్యనని మొండికేసింది.

పర్లాకిమిడి బస్టాండు పక్కన నా బండి.
తెల్లారి అయిదున్నరకి గుణుపురం బస్సు డ్రైవరుకి
రెండు దోసెలు, ఒకటి మాడ్చి.
ఇరవై రెండేళ్ళ అలవాటు. వానకేం తెలుసు.

పొద్దున్నే దిగాడు పాతపట్నం తుక్కు వర్తకుడు
పిడుగు చప్పుడు విని బయల్దేరినట్టు.
తను దిగకముందే కాటా దించాడు.
ఇనుము ఇంత, రేకు ఇంత,
ప్లాస్టిక్కు "ఊరికే మోస్తానమ్మా, నీ మీద గౌరవం."
మూడు ప్రాణాలు కలిపినా
పన్నెండు వందలు దాటలేదు.

సరే అనబోతుంటే
దాలమ్మ పిన్ని గోడ మీంచి తల పెట్టింది.
పోయినేడు చచ్చిన ఇస్త్రీ పెట్టెని
మూడుసార్లు అమ్మిన మనిషి,
మూడుసార్లూ నిజమే చెప్పి.
"తూకానికియ్యకే గుంటా!
తూకానికిస్తే ఏదైనా ఇనుమే అయిపోద్ది.
పేరుకియ్యి. బేగి అట్టముక్క తే."

బొగ్గుతో రాశాను, తెలుగు ఒక పక్క,
పక్కింటి కుర్రాడి చేత ఒడియా ఒక పక్క:
పాడైనవి. పాడైనవనే అమ్ముతున్నాం.
"ఓలమ్మ, సంబంధాలు సూసినోళ్ళు కూడా
ఇంత నిజం సెప్పరే" అంది పిన్ని.

అప్పుడు ఫ్రిజ్జు ఖాళీ చేశాను.
మేష్టారి కంటిమందు, ఎవరివో మల్లెపూలు,
ఎదురింటి పాలపేకెట్లు రెండు,
నాది ఒక్క నిమ్మకాయ.
ఇన్నాళ్ళూ కరెంటు బిల్లు నాది, చల్లదనం వీధిది.

ఐటీఐ కుర్రాడొచ్చి మిక్సీని వాసన చూశాడు.
"తీగ బతికే ఉందాంటీ" అని మూడొందలిచ్చి
కొసరడిగితే
ఫ్రిజ్జు లోపలి బల్బు ఊడదీసి చేతిలో పెట్టాను.
గ్రైండరు రాళ్ళు మాత్రం చాలన్న ఆవిడ
డబ్బులకి వెనక్కి వెళ్ళి
మళ్ళీ వస్తుందనుకోలేదు, వచ్చింది.

ఎండ దిగేవేళకి సెరంగో కొండ నుంచి
ఏలియాజర్ గొమాంగో.
"ఇది చల్లబడదు" అన్నాను,
తెలుగులో, ఒడియాలో, చేతులు ఊపి కూడా.
"మా కొండ చల్లగానే ఉంటాది.
తలుపు మూస్తాదా?"
మూశాను. రబ్బరు పట్టుకుని చప్పుమంది.
మళ్ళీ మూయమన్నాడు. మళ్ళీ.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"ఎలకకి ఈ భాష రాదు" అన్నాడు.
విత్తనం చోళ్ళు దాచుకోడానికట.
పదహారొందలు, పసుపంటిన నోట్లు,
ఒక్కొక్కటీ విప్పి విప్పి.

ఆటో మీద నిలబడి వెళ్ళింది నా ఫ్రిజ్జు,
తాడు కట్టినా ప్రతి గతుక్కీ
తలుపు కాస్త తెరిచి వీధిని చూసుకుంటూ.

ఆ రాత్రే ఏరు దాటి
మూత లేని గ్రైండరొకటి కొనుక్కొచ్చాను.
అమ్మినావిడ అట్టముక్క రాయలేదు,
నోటితో చెప్పింది: "మొదట చెయ్యితో తిప్పాలి,
తర్వాత అదే తిరుగుద్ది."
తిరిగింది. తెల్లారి అయిదున్నరకి
రెండు దోసెలు, ఒకటి మాడ్చి.

వారం తర్వాత సంతరోజు ఏలియాజర్ బండి దగ్గరికొచ్చి
రెండు దోసెలు తిని, చెయ్యి కడిగి,
నెమ్మదిగా అడిగాడు:
"మా పెద్దపిల్ల హాస్టల్లో చూసిందట.
తలుపు తెరిస్తే లోపల దీపం వెలగాలట.
మాదాన్లో ఏదీ?"

కొండ మీద ప్లగ్గు లేదు. ఉన్నా అది వెలగదు.
అదంతా చెప్పొచ్చు.
పాడైందని రాశాను గానీ
తక్కువైందని రాయలేదు.

దోసెల డబ్బులు తీసుకోలేదు.
ముప్ఫై ఆరు. బల్బు ఎంత చేస్తుందో
పిన్నినడగాలి.
పెనం మీద నీళ్ళు చల్లాను,
చప్పుమంది.